నూట అరవై ఏడో నంబరు

పాత ఫోల్డరు ఖాళీ చేయమన్నది నేనే. ఈ మాట ముందుగా రాసి పెడుతున్నాను. తరువాత ఎవరూ నెట్ సెంటర్ నడిపే అమ్మాయి మీద గానీ, కరెంటు మీద గానీ, హైదరాబాదులో సర్వర్ చూసుకునేవాళ్ల మీద గానీ తప్పు వేయకూడదు. ఆ అమ్మాయి ఒక వారం ఆగుదామంది. నేను ఆగలేదు.

బొగ్గు కంపెనీలో, క్వార్టర్ల సెక్షన్‌లో, నేను ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు క్లర్కుగా చేశాను. గోదావరిఖనిలో మా సెక్షన్ కింద ఉన్న వరుసల్లో ఏ నంబరు క్వార్టర్‌లో ఎవరున్నారో, ఏ రోజు చేరారో, ఏ రోజు వదిలారో నా రిజిస్టర్లలో ఉండేది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కార్మికుడికి కొత్త క్వార్టర్ వచ్చిందంటే పాతది ఖాళీ చేసి, ఫ్యాన్లు, బల్బులు, నల్లాలు లెక్క చూపించి, తాళంచెవి అప్పజెప్పి సంతకం పెట్టాలి. అప్పుడే కొత్తది అతని పేరున ఎక్కుతుంది. రెండూ ఉంచుకుంటామంటే కుదరదు. చాలామంది ఉంచుకోవాలనే చూసేవారు. పాతదాంట్లో బావమరిదిని పెట్టేవారు, అత్తను పెట్టేవారు. ఒకతను మేకలను పెట్టాడు. నేనే స్వయంగా పోయి మేకలను బయటికి తోలించి అతని చేత సంతకం పెట్టించాను. "మ్యాకల పేర్లు గూడ రిజిస్టర్ల రాసుకోరాదమ్మా" అన్నాడు. పేర్లు చెబితే రాసుకుంటానన్నాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నెట్ సెంటర్‌లో నా నోటి వెంట వచ్చిన మాట ఈ సెక్షన్ మాటే.

మా చర్చి సంఘానికి ఒక పాత సమాధుల తోట ఉండేది. గనులు కొత్తగా తెరిచినప్పుడు వచ్చిన తరం నుంచి మావాళ్లంతా అందులోనే ఉన్నారు. నేల పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని ఆ వైపు పెరుగుతూ వచ్చింది. పాత కాలనీ ఖాళీ అయింది. సమాధుల తోటను కూడా కొత్త కాలనీ పక్కన ఇచ్చిన స్థలంలోకి మార్చుకోవాలని సంఘ పెద్దలందరూ కూర్చొని ఒప్పుకున్నారు. ఆ కూటంలో నేను లేచి ఒక్కటే అడిగాను. మార్చేముందు అన్నీ రాసుకోవాలి, ఒక్కొక్క దానికీ ఫోటో తీయాలి అన్నాను. ఫ్యాన్లకూ నల్లాలకూ జాబితా రాసినవాళ్లం మనుషులకు రాయకపోతే ఎట్లా?

రాశాను. మొత్తం రెండు వందల పద్నాలుగు. పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, పనిచేసిన గని, పుట్టిన తేదీ, పోయిన తేదీ. రాయి మీద ఉన్నదాన్ని చర్చి భూస్థాపన రిజిస్టరుతో సరిచూసుకున్నాను. ఫోటోలు తీసింది గనిలో సర్వేయరుగా చేసి రిటైరైన ఒక తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, సంఘంలో తమ్ముడు. డిజిటల్ కెమెరా అతని దగ్గరే ఉంది. ఒక్కొక్క సమాధి పక్కన పలక మీద సుద్దముక్కతో నంబరు రాసి పట్టుకొని నేను నిలబడేదాన్ని. ఎండాకాలం. సర్వేయరు తమ్ముడికి చెమట కారి కంట్లో పడేది.

"అక్కా, పరలోకంల పెద్ద పుస్తకం నీ చేతికే ఇస్తరు సూడు. నువ్వైతే ప్రభువును గూడ కింద సంతకం పెట్టుమంటవు" అనేవాడు.

"పెట్టకపోతే ఎవరు నమ్ముతరు తమ్మీ? పలక వంకరుంది, మల్ల తియ్యి" అనేదాన్ని.

నూట అరవై ఆరు దాకా పలక నేనే పట్టుకున్నాను. నూట అరవై ఏడు మా పాపది. అక్కడ పలక మా ఆయన చేతికిచ్చి పక్కకు జరిగాను. నీళ్లు తాగి వస్తానన్నాను.

పాప పోయేనాటికి రెండేళ్ల ఐదు నెలల పదకొండు రోజులు. జూలై నెల. వానలు. తగ్గిన జ్వరం తిరగబెట్టింది. మా ఆయన భూమి లోపలి గనిలో కోల్ ఫిల్లరు, అంటే తట్టతో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని. ఆ వారం అతనిది మూడో షిఫ్టు, రాత్రిది. పదమూడో తేదీన డ్యూటీకి పోయేటప్పుడు పాప నిద్రపోతోంది. పద్నాలుగు తెల్లవారుజామున నాలుగున్నరకు పోయింది. అతను గని పైకి వచ్చేసరికి ఏడు దాటింది. ఇవన్నీ నాకు నిమిషాలతో సహా గుర్తు. ఆనాడు గోడకున్న గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను కాబట్టి గుర్తు.

రాయి పెట్టించే స్తోమత మాకప్పుడు లేదు. మా ఆయనే చెక్కలతో అచ్చు చేసి, సిమెంటు కలిపి పోసి, అది పచ్చిగా ఉండగానే మేకుతో పాప పేరు, తేదీ గీశాడు. అక్షరాలు ఎడమ వైపు పెద్దగా మొదలై కుడి వైపుకు వచ్చేసరికి చోటు చాలక చిన్నవైపోయాయి. తేదీ మాత్రం స్పష్టంగా ఉంది. పదమూడు.

నేను అప్పుడే చెప్పాను, తప్పు రాశావని. పాప పోయింది పద్నాలుగున. అతను మేకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. సిమెంటు గట్టిపడింది.

గనిలో మూడో షిఫ్టు మస్టరు, అంటే హాజరు, షిఫ్టు మొదలైన రోజు తేదీ మీదే పడుతుంది. పదమూడున దిగినవాడు పద్నాలుగున పైకి వచ్చినా హాజరు పదమూడుకే. ఆ అలవాటులో రాసి ఉంటాడని నేను అనుకున్నాను. అట్లా అనుకునే ముప్పై ఏళ్ల పైచిలుకు గడిపాను. ప్రతి సంవత్సరం సమాధి కడిగి పూలు పెట్టేటప్పుడు ఆ అంకె నా కంటికి గుచ్చుకునేది. ఒకటి రెండుసార్లు ఉలి తెప్పించి దిద్దిస్తానన్నాను. "ఉండనియ్యి" అన్నాడు. అంతే. అతను ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి. గనిలో అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోయేవేమో.

సమాధులు మార్చిన రోజున ఆ సిమెంటు రాయి లేపితే విరిగిపోయింది. ఎవరి తప్పూ లేదు. మనుషులు మెల్లగానే లేపారు. ఆనాడు మాకు దొరికింది సగం బస్తా సిమెంటు, ఇసుక ఎక్కువ పడింది. ఆరు ముక్కలు పెద్దవి, తక్కినదంతా పొడి. మా ఆయన ముక్కలన్నీ సంచిలో ఏరుకొని, కొత్త గుంతలో పాప ఎముకలున్న చిన్న పెట్టె పక్కనే పెట్టాడు. పైన పెట్టడానికి కొత్త రాయి మా పెద్దకొడుకు చెక్కించాడు. దాని మీద నేను చెప్పిన తేదీ ఉంది. పద్నాలుగు.

అంటే మా ఆయన మేకుతో గీసిన అక్షరాలు ఉన్న చోటు ఇక ఆ ఫోటో ఒక్కటే. అందులో పలక పట్టుకున్న అతని చెయ్యి కూడా ఉంది. ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఫోటోలన్నీ ఎక్కడ పెట్టాలనే మాట వచ్చినప్పుడు నెట్ సెంటర్ అమ్మాయి వెబ్‌సైటు చేస్తానంది. ఆమె మా సంఘం మనిషి కాదు. భర్త ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. ఆమె మెయిన్ రోడ్డు వెనుక సందులో ఐదు కంప్యూటర్లతో సెంటర్ పెట్టుకుంది. నన్ను చిన్నమ్మా అంటుంది, మా ఆయనను కాకా అనేది. దాదాపు ఆరు నెలలు వారానికి మూడు రోజులు పోయి కూర్చొని, నేను చదువుతుంటే ఆమె కొట్టింది. ఒక్కొక్కరికి ఒక పేజీ. పైన పెద్ద ఫోటో, కింద వివరాలు, అన్నింటికన్నా కింద ఏదైనా చెప్పాల్సింది ఉంటే 'గమనిక'. ఇవి కాక ముందు పేజీలో అందరి ఫోటోలూ స్టాంపు బిళ్లంత చిన్నవిగా, నంబర్ల వరుసలో. ఏ స్టాంపు మీద నొక్కితే ఆ పేజీ తెరుచుకుంటుంది.

నూట అరవై ఏడో పేజీలో నేను చెప్పి రాయించిన గమనిక ఇది: 'రాయి మీద పదమూడు అని ఉన్నది తప్పు. సరైన తేదీ పద్నాలుగు.'

రాయిస్తున్నప్పుడు తెర వైపు చూడలేదు. నా నోట్‌బుక్కులో చూసి చెప్పాను. పేజీ అయిపోయిందని ఆమె అన్నాక, తరువాత నంబరు చెప్పాను.

మరి రెండేళ్లకు చర్చి కట్టిన యాభయ్యో సంవత్సరం వచ్చింది. ఆహ్వాన పత్రికల మీద వెబ్‌సైటు చిరునామా వేయాలన్నారు. కానీ మా సైటు ఒక లోపలి ఫోల్డరులో ఉండేది. మొదట పరీక్ష కోసం అక్కడ పెట్టిన ఆ అమ్మాయి తరువాత అట్లాగే ఉంచింది. అందువల్ల చిరునామా చివర గీత, గీత తరువాత ఇంకో పదం వచ్చేది. పత్రిక మీద అంత పొడుగు వద్దు, పొట్టిగా ఉండాలన్నారు పాస్టరు అయ్యగారు. అంటే లోపలి ఫోల్డరులో ఉన్నదంతా బయటి పెద్ద ఫోల్డరులోకి మార్చాలి.

ఇల్లు మారడమే కదా అనుకున్నాను. మా ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలల ఆరు రోజులు. ఇంట్లో చేయడానికి పని లేక, ఆ పని నేను దగ్గరుండి చేయిస్తానని చెప్పాను. తెలంగాణ రావడానికి ముందటి సంవత్సరం, ఫిబ్రవరిలో రెండో శనివారం.

ముందు అన్నింటికీ నకలు తీసి కొత్త చోట పెడదాం, అంతా సరిగా ఉందనుకున్నాక పాతది తీసేద్దాం అంది అమ్మాయి. మంచి పద్ధతి. పేజీలు పోయాయి. పెద్ద ఫోటోలు పోతుండగా కరెంటు పోయింది. కంప్యూటర్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది గానీ ఇంటర్నెట్ డబ్బా లైట్లు ఆరిపోయాయి. పదకొండు నిమిషాల తరువాత కరెంటు వచ్చింది. అప్పటికి తెర మీద ఏ పనీ నడవడం లేదు. పెద్ద ఫోటోలు అయిపోయాయనుకుని ఆమె చిన్న ఫోటోలు మొదలుపెట్టింది. అవి చిటికెలో పోయాయి.

కొత్త చిరునామా కొట్టింది. ముందు పేజీ వచ్చింది. నేను నోట్‌బుక్కు తెరిచి, ఒక్కొక్క స్టాంపు ఫోటో చూస్తూ టిక్కు పెట్టుకుంటూ పోయాను. రెండు వందల పద్నాలుగూ ఉన్నాయి. నమూనాకు ఐదు పేజీలు తెరిపించాను. ఐదింటిలోనూ పెద్ద ఫోటో కనిపించింది. ఆ పేజీలు పెద్ద ఫోటోలను ఇంకా పాత ఫోల్డరు నుంచే తెచ్చుకుంటున్నాయని నాకు తెలియదు. ఆమెకు తట్టలేదు.

"పాతదాన్ని ఒక వారం ఉంచుదాం చిన్నమ్మా. ఏమన్న తక్కువైతే సూసుకోవచ్చు" అంది.

"తాళంచెవి అప్పజెప్పకుంటే షిఫ్టయినట్టు కాదు బిడ్డా. రెండు క్వార్టర్లు ఎవ్వలికియ్యరు" అన్నాను.

"గిది క్వార్టరా చిన్నమ్మా?" అని నవ్వింది.

"ఏదైనా ఒక్కటే. ఖాళీ చెయ్యి. నేను తేదీ ఏసుకోవాలె."

ఆమె చేసింది. తెర మీద 'నిజంగా తీసేయాలా' అని అడిగింది. ఆమె నా మొహం చూసింది. నేను తల ఊపాను. నోట్‌బుక్కులో 'పాత ఫోల్డరు ఖాళీ' అని రాసి, కింద సంతకం చేసి, ఆమె చేత కూడా చేయించాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

మరునాడు ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికి వచ్చేసరికి మందమర్రి నుంచి పెద్దకొడుకు ఫోను. అతను అక్కడి గనిలో పనిచేస్తాడు. తన దోస్తు ఇంట్లో కంప్యూటర్‌లో సైటు చూపించబోయాడట.

"అమ్మా, పేర్లన్ని ఉన్నయి గని ఫోటోలు లేవేందే? ఏది తెరిచినా ఉత్త డబ్బా, అండ్ల చిన్న ఎర్ర ఇంటు మార్కు" అన్నాడు.

"నీ దోస్తు కంప్యూటరే ఖరాబు ఉండొచ్చు" అన్నాను. కానీ అన్నం సహించలేదు.

నెట్ సెంటర్ ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. ఫోను చేస్తే ఆమె చూసేది. కానీ ప్రభువు దినాన ఎవరికీ పని చెప్పకూడదని నాకొక నియమం. చిన్నప్పటి నుంచి ఉన్నది. రేపు పోతానులే అనుకున్నాను. ఆ నియమం ఖరీదు సోమవారం పది గంటలకు తెలిసింది. ఆమె హైదరాబాదు సర్వర్ వాళ్లకు ఫోను చేస్తే, తమ దగ్గర రెండు రోజులకోసారి తీసే వెనుకటి నకలు ఒక్కటే ఉంటుందని, శుక్రవారం రాత్రి తీసిన దాని మీద ఆదివారం రాత్రిది ఎక్కిపోయిందని చెప్పారు. నిన్న చెప్పి ఉంటే తీసి ఇచ్చేవాళ్లమన్నారు. మర్యాదగానే చెప్పారు.

ఆమె ఫోను పెట్టేసి చాలాసేపు కీబోర్డు తుడిచింది.

కొత్త ఫోల్డరులోకి చేరిన పెద్ద ఫోటోలు ఎన్నో లెక్క పెట్టాం. ఒకటి నుంచి నూట ముప్పై ఒకటి దాకా ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు అక్కడ ఆగింది. పేజీల్లో చిరునామాలు దిద్దితే ఆ నూట ముప్పై ఒకటీ కనిపించాయి. నూట ముప్పై రెండు నుంచి లేవు. మిగిలినవి ఎనభై మూడు.

సెంటర్‌లో విడిగా నకళ్లు ఉంచుకోలేదంది అమ్మాయి. కెమెరాలో ఉంటాయేమోనని సర్వేయరు తమ్ముడి ఇంటికి పోయాను. మనవరాలి బాప్తిస్మానికి జాగా చాలక అన్నీ చెరిపేశానని చెప్పి తల వంచుకున్నాడు. అంతలోనే, "సీడీ చేసిచ్చిన గదక్కా! చర్చి బీరువల లేదా?" అన్నాడు. ఉంది. రెండు హార్మోనియం కవర్ల కింద, పెట్టె లేకుండా. దాని మీద గీతలు. అమ్మాయి దాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, మూడు కంప్యూటర్లలో మార్చి మార్చి పెట్టింది. రెండు రోజులు పట్టింది. ఒక్కొక్క ఫోటో తెరుచుకున్నప్పుడల్లా నేను నంబరుకు టిక్కు పెట్టాను. యాభై ఎనిమిది వచ్చాయి. ఇంకా ఇరవై ఐదు.

సర్వేయరు తమ్ముడు కూడా వచ్చి కూర్చున్నాడు. మొదటి రోజు జోకులు వేశాడు. రెండో రోజు తన తల్లి ఫోటో, నూట నలభై రెండు, తెరుచుకున్నప్పుడు లేచి బయటికి పోయి చాయ్ తాగి వచ్చాడు.

నూట అరవై ఆరు వచ్చింది. నూట అరవై ఎనిమిది వచ్చింది. మధ్యలోది సీడీ తిరిగి తిరిగి చప్పుడు చేసి ఆగిపోయింది. ఎనిమిదిసార్లు పెట్టింది ఆమె. ఎనిమిదిసార్లూ అక్కడే.

"ఆగుర్రి చిన్నమ్మా, ఇంకో తొవ్వ ఉన్నది" అంది. కంప్యూటర్లో ఎవరైనా ఏదైనా పేజీ చూస్తే, ఆ ఫోటోను కంప్యూటర్ తన దగ్గర కొంతకాలం దాచుకుంటుందట. మళ్లీ అడిగినప్పుడు తొందరగా చూపించడానికి. తన సెంటర్‌లోని ఐదు కంప్యూటర్లలో వెతుకుతానంది. "మీ సంఘపోల్లు శానమంది ఈడికొచ్చే సూసిండ్రు. సూసినయి దొరుకుతయి" అంది.

ఒక రోజంతా వెతికింది. పద్దెనిమిది దొరికాయి. ఎవరో కొడుకు తండ్రిని చూశాడు, ఎవరో కోడలు అత్తను చూసింది. చూసినవన్నీ ఉన్నాయి. ఇంకా ఏడు దొరకలేదు. ఆ ఏడులో నూట అరవై ఏడు ఒకటి.

ఆమె నా వైపు తిరిగింది. గద్దించినట్టు కాదు, దారి వెతుకుతున్నట్టు అడిగింది.

"పాప పేజీ మీరు ఎన్నడన్న తెరిచి సూసిండ్రా చిన్నమ్మా? ఇంట్ల గని, ఇంకేడనన్న గని?"

చూడలేదు. రెండేళ్లకు పైగా ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రెండు వందల పద్నాలుగు పేజీల్లో తప్పొప్పులు దిద్దడానికి ఒక్కొక్కటి రెండేసిసార్లు తెరిపించాను. అది మాత్రం తెరిపించలేదు. నోట్‌బుక్కులో దాని ఎదుట టిక్కు ఉంది. అది చూడకుండా పెట్టిన టిక్కు. నా ఉద్యోగంలో అట్లాంటి టిక్కు ఒక్కటి కూడా పెట్టలేదు.

"లేదు బిడ్డా" అన్నాను.

ఆమె మౌసు పక్కకు జరిపింది. తరువాత, "కాక సూసిండు" అంది.

నాకు అర్థం కాలేదు.

"కాక వచ్చేటోడు చిన్నమ్మా. బేస్తారం బేస్తారం. దవాఖానకు గోలీల కోసం వచ్చి అట్నుంచి అటే ఈడికొచ్చేటోడు. మూలకున్న మూడో నంబరు కంప్యూటర్ మీద కూసునేటోడు. నూట అరవై ఏడు తియ్యి బిడ్డా అనేటోడు. తీసిస్తే గట్లనే సూసుకుంట కూసునేటోడు. పది నిమిషాలు, పావుగంట. పైసలు ఇయ్యబోతే నేను తీసుకోకపోదును. ఒక డబ్బల్‌రొట్టె తెచ్చి మా పోరలకిచ్చి పోయేటోడు."

"ఆ మూడో కంప్యూటర్‌ల సూసినవా?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "పోయిన ఎండకాలం అది ఖరాబైంది. లోపటిదంత తుడిచి మల్ల కొత్తగ ఎక్కించిన. నాకేమెర్క చిన్నమ్మా."

మా ఆయన పోయింది ఆ ఎండాకాలం తరువాతే, జూన్‌లో. చివరి రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. గోలీలు నేనే తెచ్చాను.

అతను ఆ పేజీ చూశాడంటే కింది గమనిక కూడా చదివాడు. నాలుగో తరగతి చదువు. తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివేవాడు. పావుగంట ఎందుకు పట్టిందో నాకు తెలుసు. 'రాయి మీద పదమూడు అని ఉన్నది తప్పు.'

"అది చదివి ఏమన్నడు?" అని అడిగాను. అడగకుండా ఇంటికి పోలేనని అనిపించింది.

ఆమె చెప్పడానికి వెనుకాడింది. "ఒక్కసారే అన్నడు. నేనే అడిగిన, కాకా, తేది ఎందుకు తప్పు వడ్డది అని. తప్పు గాదు బిడ్డా అన్నడు. మీ చిన్నమ్మ లెక్క కరెక్టే, పాప వొయ్యింది పద్నాలుగే. గని నేను సూసింది పదమూడు దాన్కనే గద అన్నడు. డ్యూటీకి పొయ్యేటప్పుడు పండుకొని ఉండె, దుప్పటి కప్పి పోయిన, నాకు పాప బతికున్నది గంతవరకే. గందుకే గది రాసిన అన్నడు." కొంచెం ఆగి, "గిట్లనే అన్నడో, కొంచెం అటిటు అన్నడో. నాకు యాదికున్నంత చెప్పిన" అంది.

"నాకెందుకు చెప్పలే?"

"నేను గూడ అడిగిన. ఆమె ఆ రాత్రంత ఒక్కతే కూసున్నది. ఆమెకు నేనేం చెప్తా అన్నడు."

నేను నోట్‌బుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాను. బయట షేర్ ఆటో వాడు బస్టాండు బస్టాండు అని అరుస్తున్నాడు. ఎక్కాను. దిగాల్సిన చోట దిగలేదు. రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చి, దిగి వెనక్కి నడిచాను.

ఇంటికి పోయి భూస్థాపన రిజిస్టరు నకలు తీశాను. అందులో పద్నాలుగే ఉంది. అది మారదు. మారనవసరం లేదు. కానీ ముప్పై ఐదేళ్లు ఆ మనిషికి మస్టరు అలవాటని, తేదీల మీద శ్రద్ధ లేదని అనుకున్నాను. బంధువుల ముందు కూడా అన్నాను. ఒకసారి క్రిస్మసు నాడు నలుగురిలో, "మా ఆయనకు బిడ్డ పోయిన తేదీ కూడా గుర్తుండదు" అని నవ్వుతూ అన్నాను. అతను కూడా నవ్వి, మాంసం కోయడానికి లేచిపోయాడు.

వారం తరువాత నెట్ సెంటర్‌కు పోయాను. దొరకని ఏడింటికీ ఏం చేయాలన్నది తేల్చాలి. స్టాంపు బిళ్లంత చిన్న ఫోటోలు ఏడింటివీ ఉన్నాయి. అవే పెద్దగా చేసి పెట్టలేమా అని అడిగాను. ఆమె నూట అరవై ఏడును తీసి పెద్దది చేసింది. చేసేకొద్దీ అది గళ్లు గళ్లుగా విడిపోయింది. బూడిద రంగు గళ్లు, నల్ల గళ్లు. అక్షరాలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"పెద్దగ చేస్తే పలుగుతది చిన్నమ్మా" అంది.

"అయితే చిన్నగనే ఉండనియ్యి."

చిన్నగానే పెట్టింది. తెల్లటి పెద్ద పేజీలో బొటనవేలి గోరంత ఫోటో. మొదటిసారి దాన్ని చూశాను. కళ్లద్దాలు తీసి దగ్గరికి వంగి చూశాను. బూడిద రంగు చతురస్రం ఒకటి. పక్కన నల్లటి పలక. పలక మీద తెల్లటి చుక్క, అది నంబరు. పలక అంచున ఒక మచ్చ. అవి అతని వేళ్లు. ఎడమ చేతి వేళ్లు. కుడి చేతి చూపుడు వేలు గనిలో నలిగి వంకరైనప్పటి నుంచి ఏది పట్టుకున్నా ఎడమతోనే పట్టుకునేవాడు. తేదీ ఎక్కడుండాలో నాకు తెలుసు. అక్కడ చూశాను. ఏమీ కనపడలేదు గానీ చూశాను.

"గమనిక మారుద్దాం" అన్నాను. "తప్పు అన్న మాట తీసెయ్యి."

"ఏ తేది పెట్టాలె మరి?"

"రెండూ పెట్టు. నేను చెప్త, కొట్టు."

ఇప్పుడు అక్కడ ఉన్నది ఇది: 'చనిపోయిన తేదీ పద్నాలుగు. తండ్రి చివరిసారి చూసిన తేదీ పదమూడు. రాతి మీద తండ్రి తన చేత్తో పదమూడు అని రాశాడు. ఆ రాయి విరిగింది. దాని పెద్ద ఫోటో ఈ పేజీ రాయించిన మనిషి తొందరపాటు వల్ల పోయింది.'

చివరి వాక్యం దగ్గర ఆమె చేతులు ఆగాయి. "అది వద్దు చిన్నమ్మా. కరెంటు పోకపోతే ఏం కాకపోవు. నాది గూడ తప్పున్నది" అంది. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టమన్నాను. కొట్టింది. ఒక అక్షరం తప్పు పడితే దిద్దించాను.

మిగిలిన ఆరుగురి ఇళ్లకూ నేనే పోయి చెప్పాను. ఒకామె కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఒకాయన తన దగ్గరున్న పాత ఫోటో ఒకటి ఇచ్చాడు. సమాధిది కాదు, మనిషిది. ముగ్గురు, "పోనియ్యి అక్కా, అండ్ల ఏమున్నది" అన్నారు. ఒకామె మాత్రం తలుపు వేసుకుంది. ఆమె కొడుకుది నూట తొంభై. ఆమె పక్షాన న్యాయం ఉంది. నేను గుమ్మం ముందు కొంతసేపు నిలబడి వచ్చాను.

ఆ తరువాత అమ్మాయి సైటుకు మూడు నకళ్లు తీసింది. ఒకటి చర్చిలో, ఒకటి సర్వేయరు తమ్ముడి ఇంట్లో, ఒకటి నా దగ్గర. నా దగ్గరున్న సీడీని పెట్టెలో పెట్టి, పెట్టె మీద తేదీ వేశాను. తెలంగాణ వచ్చిన రోజున గోదావరిఖని అంతా రంగులు, పటాకులు. నెట్ సెంటర్ మూసి ఉంది. మరునాడు పోయాను.

ఇప్పుడు నేను బేస్తవారం బేస్తవారం పోతున్నాను. దవాఖానలో బీపీ గోలీలు తీసుకొని అట్నుంచి అటే. మూడో నంబరు కంప్యూటర్ మూలకే ఉంది. అమ్మాయి అడగకుండానే నూట అరవై ఏడు తీసి, తన పని చూసుకోవడానికి పోతుంది. పిల్లలకు డబల్‌రొట్టె తీసుకుపోతాను. పది నిమిషాలు కూర్చుంటాను. చూసినవే ఆ కంప్యూటర్ దాచుకుంటుందట. అందుకని చూస్తాను.